హైదరాబాదులో విమాన రద్దీ, ఉద్గారాల పరిశోధన

విమాన రద్దీ, ఉద్గారాల పరిశోధన అనగా విమానాలు ఆకాశంలోను, విమానాశ్రయాలలోను ఆలస్యం లేకుండా, ప్రమాదం లేకుండా నడిచే పద్ధతులను, వాటి ఇంజన్లు విడిచే పొగ, మసి, వాయువుల వలన వాతావరణానికి కలిగే మార్పులను శాస్త్రీయంగా అధ్యయనం చేయడం. భారతదేశంలో ఈ పరిశోధనలో చెప్పుకోదగిన భాగం హైదరాబాదు కేంద్రంగా జరిగింది. దీనికి అయిన ఖర్చును ప్రధానంగా ప్రభుత్వ సంస్థలే భరించాయి. టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన హైదరాబాదు బెలూను కేంద్రం నుండి 2010, 2011 సంవత్సరాలలో ఎగిరిన బెలూన్లు ఎత్తైన గాలిలో మసి పొరలను గుర్తించాయి. విమానాల రద్దీని తగ్గించే ఉద్దేశంతో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ బేగంపేటలో నిర్మించిన పౌర విమానయాన పరిశోధనా సంస్థ 2024లో ప్రారంభమైనది. రద్దీపై పరిశోధనకు డబ్బు ఒక శాఖ నుండి, పొగపై పరిశోధనకు డబ్బు మరొక శాఖ నుండి రావడం వలన ఈ రెండు పనులు ఒకే నగరంలో జరిగినా చాలాకాలం వేరువేరుగానే సాగాయి.

నేపథ్యము

హైదరాబాదు విమానాశ్రయము నిజాం పాలనాకాలం నుండి బేగంపేటలో ఉండేది. నగరం పెరిగి నలువైపులా ఇళ్ళు రావడంతో దానిని విస్తరించడానికి చోటు లేకపోయింది. 2008 మార్చి 23న శంషాబాదులో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము మొదలైనది. ప్రయాణీకుల విమానాలన్నీ అక్కడికి తరలిపోయాయి. మొదట ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణీకుల కొరకు కట్టిన ఈ విమానాశ్రయాన్ని 2023-24లో సుమారు 2.5 కోట్ల మంది ఉపయోగించుకున్నారు.

నగరం చుట్టూ ఉన్న ఆకాశం మొత్తం పౌర విమానాలది కాదు. హకీంపేటలో వాయుసేన స్థావరం, దుండిగల్లులో వాయుసేన అకాడమీ ఉన్నాయి. సిద్ధిపేట నుండి హైదరాబాదుకు రాజీవ్ రహదారిపై బస్సులో వచ్చేవారికి శామీర్‌పేట దాటిన తరువాత హకీంపేట స్థావరం కనిపిస్తుంది, శిక్షణ విమానాలు తక్కువ ఎత్తులో తిరగడం కూడా తరచు కనిపిస్తుంది. ఇటువంటి స్థావరాల చుట్టూ ఉన్న గగనతలంలోకి పౌర విమానాలు ఇష్టం వచ్చినట్లు వెళ్ళరాదు, చుట్టు తిరిగి పోవలసి ఉంటుంది. దేశం మొత్తం మీద గగనతలంలో 60 శాతం మాత్రమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉన్నదని, ఆంక్షలు సడలిస్తే విమానయాన రంగానికి ఏడాదికి సుమారు రూ. 1,000 కోట్ల మేలు కలుగుతుందని 2020 మే 16న కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించారు. గగనతలాన్ని సైన్యం, పౌర విమానాలు సమయాన్ని బట్టి పంచుకొనే ఈ పద్ధతి చెప్పడానికి తేలిక. ఏ గంటలో ఏ భాగాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి మాత్రం చాలా లెక్కలు, చాలా సమాచారం కావాలి.

శంషాబాదు ఒప్పందంలో మరొక నిబంధన ఉన్నది. దాని ప్రకారం మొదటి 25 సంవత్సరాలలో ఆ విమానాశ్రయానికి 150 కి.మీ. లోపల, నిర్వాహక సంస్థ అంగీకారం లేకుండా, మరొక విమానాశ్రయము రాకూడదు. హైదరాబాదుకు సుమారు 100 కి.మీ. దూరంలో ఉన్న సిద్ధిపేట ఈ పరిధిలోనే ఉన్నది. వరంగల్లు సమీపంలోని మామునూరు పాత విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి కూడా నిర్వాహకుల సమ్మతి తీసుకోవలసి వచ్చింది. ఈ కారణాన తెలంగాణ విమాన ప్రయాణమంతా శంషాబాదులోనే కేంద్రీకృతమైనది.

రద్దీకి, పొగకు సంబంధము

విమానం దిగడానికి రన్‌వే ఖాళీగా లేకపోతే దానిని ఆకాశంలోనే గుండ్రంగా తిప్పుతూ ఉంచుతారు. 180 మంది వరకు ఎక్కే ఎయిర్‌బస్ ఏ320 తరగతి విమానం ఇలా తిరిగేటప్పుడు నిమిషానికి దాదాపు 40 కిలోల ఇంధనం ఖర్చవుతుంది. పది నిమిషాలు తిరిగితే 400 కిలోలు. ఒక కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెలువడుతుంది. ఇంధనం బరువుకంటే వాయువు బరువు ఎక్కువ కావడం చూసి విద్యార్థులు ఆశ్చర్యపడుతుంటారు. ఇంధనంలోని కార్బను గాలిలోని ఆక్సిజనుతో కలియడమే దీనికి కారణం. ఆ లెక్కన పది నిమిషాల నిరీక్షణకు 1,264 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. రోజుకు ఇరవై విమానాలు ఇలా పది నిమిషాలు ఆగవలసివస్తే ఏడాదికి 2,920 టన్నుల ఇంధనం, 9,200 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడు అవుతుంది. ఇది లెక్క తెలియడానికి చెప్పిన ఉదాహరణ మాత్రమే, ఏ విమానాశ్రయపు గణాంకమూ కాదు.

నేలమీద కూడా ఇదే సంగతి. ఇంజన్ల ఉద్గారాలను కొలవడానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక ప్రామాణిక చక్రాన్ని నిర్ణయించింది. అందులో పైకి లేవడానికి 0.7 నిమిషం, ఎక్కడానికి 2.2 నిమిషాలు, దిగడానికి 4 నిమిషాలు పోగా, నేలపై నడవడానికి, ఆగి ఉండడానికి 26 నిమిషాలు కేటాయించారు. విమానాశ్రయాల పక్కన నివసించేవారు పీల్చే పొగలో ఈ 26 నిమిషాల వాటా పెద్దది. ఇంజను తక్కువ శక్తితో నడిచేటప్పుడు ఇంధనం పూర్తిగా మండదు. అందువలన కార్బన్ మోనాక్సైడు, మండని హైడ్రోకార్బన్లు ఎక్కువగా వస్తాయి. ఎక్కువ శక్తితో నడిచేటప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి.

ప్రపంచంలో మనిషి వలన వెలువడే కార్బన్ డయాక్సైడులో విమానాల వాటా సుమారు 2.5 శాతం. అయితే విమానాలు విడిచే నీటి ఆవిరి గడ్డకట్టి ఆకాశంలో ఏర్పడే తెల్లని చారలు, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా భూమిని వేడెక్కిస్తాయి. అన్నీ కలిపి చూస్తే భూమి వేడెక్కడంలో విమానాల భాగం 3.5 శాతం వరకు ఉంటుందని, అందులో మూడింట రెండు వంతులు కార్బన్ డయాక్సైడు కాని కారణాలవలననే అని 2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. ఈ రెండవ రకం ప్రభావాలను ఇంధనపు బిల్లు చూసి లెక్కకట్టలేము. ఆ ఎత్తుకు వెళ్ళి కొలవాలి, దానికి డబ్బు కావాలి.

డబ్బు ఎక్కడి నుండి వస్తుంది

ప్రభుత్వ నిధులు అనగానే పన్నుల డబ్బు అని అనుకోవడం సహజం. విమానయాన పరిశోధనలో అది పూర్తిగా నిజం కాదు. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. గగనతలంలో మార్గం చూపినందుకు అది విమానపు బరువు, ప్రయాణించిన దూరం ఆధారంగా రుసుము వసూలు చేస్తుంది. విమాన సంస్థలు ఆ ఖర్చును టికెట్టులోనే కలుపుతాయి. కనుక రద్దీపై ఈ సంస్థ చేసే పరిశోధన ఖర్చు చివరకు ప్రయాణీకుడి మీదనే పడుతుంది.

ఉద్గారాలపై పరిశోధన అలా కాదు. దానికి నిధులు కేంద్ర బడ్జెటు నుండి అంతరిక్ష శాఖ, అణుశక్తి శాఖ, భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి ద్వారా వస్తాయి. అవి విమానం ఎన్నడూ ఎక్కనివారు కూడా కట్టిన పన్నులు. పొగ విడిచేవారి రుసుముతో రద్దీ పరిశోధన, పొగ పీల్చేవారి పన్నుతో పొగ పరిశోధన నడుస్తున్నాయి. దేశం మొత్తం మీద పరిశోధనకు అయ్యే ఖర్చు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. అందులో విమానాల పొగకు దక్కే వాటా స్వల్పము.

బెలూను ప్రయోగాలు

హైదరాబాదులో ఈసీఐఎల్ సమీపాన టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారి బెలూను కేంద్రం దశాబ్దాలుగా పనిచేస్తున్నది. ఆ సంస్థ అణుశక్తి శాఖ కిందకు వస్తుంది. బెలూను కేంద్రానికి ఇస్రో తోడ్పాటు కూడా ఉన్నది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండడం వలన ఇక్కడ విశ్వకిరణాల ఆటంకం తక్కువ. మొదట్లో ఖగోళ పరిశోధకులు ఈ చోటును ఇష్టపడింది అందుకే. పల్చని పాలిథీన్ పొరతో చేసిన, హైడ్రోజన్ నింపిన ఈ బెలూన్లు 30 నుండి 42 కి.మీ. ఎత్తు వరకు వెళ్ళగలవు. పని పూర్తి కాగానే పరికరాలు పారాచూట్లతో దిగుతాయి. గాలివాటాన్ని బట్టి అవి తెలంగాణలోను, పొరుగు రాష్ట్రాలలోను ఏ జిల్లాలోనైనా పొలాల మధ్య పడవచ్చును. అటువంటివి కనిపిస్తే ముట్టుకోవద్దని, దగ్గరలోని పోలీసు ఠాణాకు గాని, పెట్టెపై ఉన్న చిరునామాకు గాని తెలియజేయాలని, చెప్పినవారికి తగిన బహుమతి ఇస్తామని ఆ సంస్థ ప్రకటనలు ఇస్తుంది. కొన్ని పరికరాలలో అధిక వోల్టేజి విద్యుత్తు ఉండడమే ఈ హెచ్చరికకు కారణం. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్ల వద్ద పొలంలో గుండ్రని పెద్ద పెట్టె దిగితే చుట్టుపక్కల ఊళ్ళ జనం గ్రహాంతర వాహనమని భావించి తండోపతండాలుగా వచ్చారు. అది ఇదే కేంద్రం నుండి ఎగిరిన బెలూను మోసుకుపోయిన, ఒక స్పెయిను సంస్థ వారి ప్రయోగాత్మక పెట్టె.

ఈ కేంద్రం నుండి 2005 ఏప్రిల్‌లో ఇస్రో ఎగురవేసిన బెలూను 20 నుండి 41 కి.మీ. మధ్య గాలి నమూనాలు తెచ్చింది. వాటిలో మూడు కొత్త రకాల బాక్టీరియాలను గుర్తించినట్లు 2009లో ప్రకటించారు. పత్రికలలో దానికి వచ్చినంత పేరు తరువాతి మసి ప్రయోగానికి రాలేదు. సాధారణ మనుషుల జీవితానికి దగ్గరగా ఉన్నది మాత్రం రెండవదే.

ఇస్రో చేపట్టిన వాయుధూళి పరిశోధనా కార్యక్రమంలో భాగంగా 2010 మార్చి 17న హైదరాబాదు నుండి ఒక బెలూనును ఎగురవేశారు. అందులో ఏథలోమీటరు అనే పరికరాన్ని పెట్టారు. ఇది గాలిని ఒక వడపోత కాగితం గుండా పీల్చి, కాగితం ఎంత నల్లబడినదో కాంతితో కొలిచి, ఘనపు మీటరు గాలిలో ఎంత మసి ఉన్నదో చెబుతుంది. మసి నేల దగ్గర ఎక్కువగా ఉండి పైకి పోయినకొద్దీ తగ్గుతుందని అంతవరకు శాస్త్రజ్ఞుల భావన. కట్టెల పొయ్యిలు, వాహనాలు, పంట కొయ్యకాల్లు తగలబెట్టడం అన్నీ నేలమీదివే కదా. బెలూను పైకి వెళ్ళిన తరువాత తెలిసినది వేరు. సుమారు 4.5 కి.మీ. వద్ద ఒకటి, 8 కి.మీ. వద్ద మరొకటి, దట్టమైన మసి పొరలు కనబడ్డాయి. తిరువనంతపురంలోని విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రపు అంతరిక్ష భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎస్. సురేశ్‌బాబు, సహచరులు ఈ ఫలితాలను 2011లో ప్రచురించారు. మసి సూర్యకాంతిని పీల్చి చుట్టూ ఉన్న గాలిని వేడిచేస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడే వేగం ఆ చోట తగ్గి గాలి నిలకడగా మారుతుంది. దానివలన మసి కిందికి దిగకుండా అక్కడే చాలాకాలం నిలుస్తుంది. మసి తనకు ఇల్లు తానే కట్టుకొంటున్నదా అని ఆ వ్యాసపు శీర్షికలోనే ప్రశ్నించారు. 2011 జనవరి 8న, ఏప్రిల్ 25న ఎగిరిన బెలూన్లు కూడా ఎత్తైన మసి పొరలను చూపాయి.

అంత ఎత్తుకు ఆ మసి ఎలా చేరినది? ఈ ప్రశ్నకు 2017లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఇస్రో పరిశోధకులు కలిసి సమాధానం వెదికారు. గౌరవ్ గోవర్ధన్, ఎస్.కె. సతీష్ తదితరులు వాతావరణపు కంప్యూటరు నమూనాలో విమానాల ఉద్గారాలను చేర్చి లెక్కవేశారు. విదేశాలలో కూర్చిన ఉద్గారాల పట్టికను భారత ప్రాంతానికి సరిదిద్ది వాడారు. ఎత్తైన మసి పొరలకు కారణం పైన ఎగిరే విమానాలే అయి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉన్నదని వారు నిర్ధారణకు వచ్చారు. అంతటితో ఆగలేదు. వానాకాలపు బలమైన మేఘాలు ఈ మసిని దాదాపు 17 కి.మీ. ఎత్తు వరకు, అనగా స్ట్రాటో ఆవరణపు అంచు వరకు మోసుకుపోగలవని కూడా చూపారు. ట్రోపో ఆవరణంలోని మసి వానతో కడుక్కుపోతుంది. స్ట్రాటో ఆవరణంలో వాన లేదు, అక్కడ చేరిన మసి చాలాకాలం నిలిచి ఓజోను పొరకు హాని చేయవచ్చును.

రుతుపవనాలపై ఆధారపడి వ్యవసాయం చేసే దక్కను వంటి ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. సిద్ధిపేట జిల్లాలో చెరువులు నిండితేనే వరి వేసిన తరాలు ఉన్నాయి. గాలి నిలకడ మారితే మేఘాలు పెరిగే తీరు మారవచ్చును. అయితే మూడు రోజుల కొలతల నుండి వానల గురించి గట్టి మాట చెప్పడం తొందరపాటవుతుంది. పరిశోధకులు కూడా విమానాలే కారణమని ఖాయంగా చెప్పలేదు, ఎక్కువ సంభావ్యత ఉన్న కారణమని మాత్రమే అన్నారు.

గగన్ మరియు తెలుగు విశ్వవిద్యాలయాలు

రద్దీ వైపు జరిగిన పరిశోధనలో పెద్దది గగన్. ఉపగ్రహాల ద్వారా విమానానికి దాని స్థానాన్ని ఖచ్చితంగా తెలిపే ఈ వ్యవస్థను ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూ. 774 కోట్ల వ్యయంతో నిర్మించాయి. జీపీఎస్ సంకేతాలలో వచ్చే తప్పులను నేలమీది కేంద్రాలు లెక్కకట్టి, దిద్దుబాటును జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపడం దీని పని.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. భూమికి పైన ఐనోస్ఫియరు అనే విద్యుదావేశిత పొర గుండా వచ్చేటప్పుడు సంకేతం ఆలస్యమవుతుంది. అమెరికా, ఐరోపాలలో ఈ పొర నెమ్మదిగా మారుతుంది. భారతదేశం భూ అయస్కాంత మధ్యరేఖ సమీపాన ఉన్నందున ఇక్కడ అది గంటగంటకు మారుతుంది, సాయంకాలం సూర్యాస్తమయం తరువాత మరీ అల్లకల్లోలంగా ఉంటుంది. విదేశీ లెక్కలు ఇక్కడ పనికిరావు. అందువలన దేశమంతటా కొలత కేంద్రాలు పెట్టి ఐనోస్ఫియరును అధ్యయనం చేయవలసివచ్చింది. ఆ కేంద్రాలలో హైదరాబాదు, విశాఖపట్నం కూడా ఉన్నాయి. ఈ సమాచారాన్ని విశ్లేషించడంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర పరిశోధకులు ముఖ్యపాత్ర వహించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ పరిశోధనా శిక్షణ కేంద్రం కూడా ఈ రంగంలో పనిచేసింది. భూమధ్యరేఖా ప్రాంతపు ఐనోస్ఫియరులో ఇటువంటి వ్యవస్థను నిలబెట్టిన మొదటి దేశం భారతదేశమే.

మార్గనిర్దేశానికి గగన్ వాడడానికి 2013 డిసెంబరులో, రన్‌వేకు దిగడానికి వాడడానికి 2015 ఏప్రిల్‌లో అనుమతి లభించింది. ప్రయాణీకుల విమానం ఒకటి దీని సాయంతో మొదటిసారి రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో 2022 ఏప్రిల్ 28న పరీక్షగా దిగింది. అనుమతికి, ఆ పరీక్షకు మధ్య ఏడేళ్ళు గడిచాయి. అవసరమైన పరికరం విమానాలలో లేకపోవడం దీనికి ముఖ్యకారణం. ప్రభుత్వము నేలమీద, అంతరిక్షంలో ఖర్చు పెట్టవచ్చును గాని, విమానంలో పెట్టవలసిన పెట్టెను కొనవలసినది విమాన సంస్థలు.

అంతకు ముందే, 2003 నవంబరు 27న, భారత గగనతలంలో 29,000 అడుగులకు పైన విమానాల నడుమ నిలువు దూరాన్ని 2,000 అడుగుల నుండి 1,000 అడుగులకు తగ్గించారు. దీనితో అదే ఆకాశంలో మరిన్ని మార్గాలు ఏర్పడ్డాయి. పొగమంచు వలన ఆలస్యాలు ఎక్కువగా ఉండే ఢిల్లీ విమానాశ్రయంలో భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2015 శీతాకాలం నుండి పొగమంచు పరిశోధన చేపట్టింది. రన్‌వేపై ఎంత దూరం కనిపిస్తున్నదో కొలిచే దృష్టి అనే పరికరాన్ని బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించింది.

బేగంపేట పరిశోధనా సంస్థ

ప్రయాణీకుల విమానాలు వెళ్ళిపోయిన తరువాత బేగంపేట మూతబడలేదు. ప్రముఖుల ప్రత్యేక విమానాలు, శిక్షణ, వైమానిక ప్రదర్శనలు అక్కడ కొనసాగాయి. విమాన రాకపోకల నియంత్రణాధికారులకు శిక్షణనిచ్చే కేంద్రం కూడా అక్కడ ఉన్నది. ఆ ఆవరణలోనే విమానాశ్రయాల ప్రాధికార సంస్థ రూ. 350 కోట్లకు పైగా వెచ్చించి పౌర విమానయాన పరిశోధనా సంస్థను నిర్మించింది. 2024 మార్చి 5న సంగారెడ్డిలో జరిగిన కార్యక్రమంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దీనిని జాతికి అంకితం చేశారు. విద్యుత్తు పొదుపు నియమాలను పాటించి కట్టిన ఈ భవనానికి గృహ ప్రమాణాలలో ఐదు నక్షత్రాల స్థాయి ఉన్నది.

గగనతలంలోను, విమానాశ్రయాలలోను భద్రత, సామర్థ్యం పెంచడం, ముఖ్యమైన సమస్యలను పరిశీలించడం, అవసరమైన పరికరాలను, సాఫ్టువేరును స్వదేశంలోనే తయారుచేయడం ఈ సంస్థ లక్ష్యాలుగా ప్రకటించారు. విమానాల రాకపోకల సమాచారాన్ని విశ్లేషించి పనితీరును కొలవడం కూడా వాటిలో ఉన్నది. ఈ చివరి అంశం పైకి చిన్నదిగా కనిపించినా అత్యంత విలువైనది. దేశంలో ప్రతి విమానం ఏ నిమిషంలో, ఏ ఎత్తులో, ఏ దారిలో పోయిందో తెలిసిన సంస్థ ఇదే. 2017 మసి అధ్యయనానికి సరిదిద్దిన విదేశీ పట్టిక వాడవలసివచ్చిన సంగతి పైన చూశాము. బేగంపేటకు, బెలూను కేంద్రానికి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ప్రకటించిన లక్ష్యాలలో మాత్రం భద్రత, సామర్థ్యం వలె ఉద్గారాల కొలత విడిగా పేర్కొనబడలేదు.

కానుగ నూనె, అడవి ఆముదము

ఉద్గారాలను తగ్గించడానికి రెండవ మార్గం ఇంధనాన్ని మార్చడం. ఈ విషయంలో తెలంగాణలో ఒక చిన్న గిరిజన గ్రామపు కథ ఆసక్తికరమైనది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటి, గింజల నుండి నూనె తీయడం మొదలుపెట్టాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వారికి సాయపడింది. పటాన్‌చెరు, సిద్ధిపేట 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఒకే మెదక్ జిల్లాలో ఉండేవి. పదేళ్ళలో 51 టన్నుల కానుగ నూనె డీజిలుకు బదులుగా వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడు తగ్గుతుందని లెక్కకట్టారు. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ తగ్గింపును 645 డాలర్లకు కొన్నది. వాషింగ్టనులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సుకు వచ్చినవారి విమాన ప్రయాణపు పొగకు, స్థానిక రవాణాకు పరిహారంగా ఈ కొనుగోలు జరిగినది. టన్నుకు నాలుగున్నర డాలర్ల కంటే తక్కువ. విమానమెక్కిన ఖండాంతర ప్రయాణీకుల పొగకు కానుగ చెట్లు పెంచిన ఆదివాసీ స్త్రీలు బదులు చెప్పడం న్యాయమా కాదా అన్న చర్చను అటుంచితే, ఆ సంఘాలకు అది మొదటి కార్బను ఆదాయము.

కానుగ నూనె డీజిలు ఇంజనుకు సరిపోతుంది గాని నేరుగా విమానానికి పనికిరాదు. పదివేల మీటర్ల ఎత్తున చలికి గడ్డకట్టకుండా ఉండాలంటే నూనెను రసాయనికంగా మార్చాలి. డెహ్రాడూనులోని భారతీయ పెట్రోలియం సంస్థ ప్రభుత్వ నిధులతో ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. అడవి ఆముదం, అనగా జట్రోఫా, గింజల నూనెతో చేసిన 25 శాతం మిశ్రమంతో 2018 ఆగస్టు 27న డెహ్రాడూను నుండి ఢిల్లీకి ఒక విమానం ఎగిరింది. ఆ గింజలు ఛత్తీస్‌గఢ్ రైతులవి. వాయుసేన ఏఎన్-32 విమానం 2019 జనవరి 26న గణతంత్ర దినోత్సవ విన్యాసంలో జీవ ఇంధన మిశ్రమంతో పాల్గొన్నది. అంతర్జాతీయ విమానాలలో ఇటువంటి ఇంధనాన్ని 2027కు 1 శాతం, 2028కు 2 శాతం, 2030కు 5 శాతం కలపాలని భారత ప్రభుత్వము లక్ష్యాలు ప్రకటించింది.

ఇతర దేశాలలో

ఐరోపాలో కూడా మొదట రెండు వేర్వేరు నిధులే ఏర్పడ్డాయి. 2007లో నెలకొల్పిన సెసార్ సంస్థ రద్దీని చూస్తుంది. దాని అభివృద్ధి దశకు 210 కోట్ల యూరోలు కేటాయించగా ఐరోపా సమాజం, యూరోకంట్రోల్, పరిశ్రమ మూడు సమాన వాటాలు భరించాయి. 2008లో మొదలైన క్లీన్ స్కై పథకం ఇంజన్లను, రెక్కలను, ఉద్గారాలను చూసేది. దానికి 160 కోట్ల యూరోలలో సగం ప్రభుత్వానిది, సగం పరిశ్రమది. అయితే సెసార్ లక్ష్యాలలోనే ప్రతి ప్రయాణంలో పర్యావరణ ప్రభావాన్ని 10 శాతం తగ్గించాలన్న షరతు మొదటి నుండి ఉన్నది. డబ్బు ఇచ్చినవారు ఆ అంకెను అడిగే వీలు కలిగింది.

అమెరికాలో విమానయాన శాఖ 2010లో ఆరంభించిన క్లీన్ కార్యక్రమంలో ప్రభుత్వము ఎంత ఇస్తే కంపెనీ కూడా కనీసం అంత పెట్టాలి. నాసా 2023లో సన్నని పొడవైన రెక్కలు గల ఎక్స్-66 విమానానికి ఏడేళ్ళలో 42.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి అంగీకరించగా, బోయింగు, భాగస్వాములు 72.5 కోట్ల డాలర్లు పెట్టవలసి ఉన్నది. 2025లో ఆ ప్రయోగ విమానపు పనిని నిలిపివేసి సన్నని రెక్కల పరిశోధనకే పరిమితమయ్యారు. సగం డబ్బు పరిశ్రమ చేతిలో ఉన్నప్పుడు పరిశ్రమ తీరిక కూడా పరిశోధన గతిని నిర్ణయిస్తుందని దీనివలన తెలుస్తున్నది.

భారతదేశంలో పరిశ్రమ నుండి ఇటువంటి సమాన వాటా కోరే పథకం విమాన ఉద్గారాలకు సంబంధించి పెద్దగా కనిపించదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రూపొందించిన కోర్సియా ఒప్పందపు తప్పనిసరి దశ 2027లో మొదలవుతున్నది. అప్పటి నుండి భారతీయ విమాన సంస్థలు అంతర్జాతీయ ప్రయాణాలలో పెరిగిన కార్బన్ డయాక్సైడుకు పరిహారం చెల్లించవలసి ఉంటుంది. కోర్సియా లెక్కించేది కార్బన్ డయాక్సైడును మాత్రమే. హైదరాబాదు బెలూన్లు 4.5, 8 కి.మీ. ఎత్తులలో చూపిన మసి ఆ లెక్కలోకి రాదు.